ఒలిచిపెట్టిన కాగితం

ఆ ఆఫీసులో ఆమెను అందరూ కత్తెర అనేవారు. నోటి దురుసు చూసి పెట్టిన పేరు కాదు లెండి, పని చూసి పెట్టిన పేరు. ఎవరో రాసిన కాగితాలను పదిమందికీ అర్థమయ్యేలా తిరగరాయడం ఆ ఆఫీసు పని. నీళ్ళ సరఫరా నోటీసులు, బడుల దరఖాస్తు ఫారాలు, ఆస్పత్రుల సూచనల కాగితాలు, అన్నీ అక్కడికే వచ్చి పడేవి. కొన్ని వాక్యాలుంటాయి చూశారూ, చదవడం మొదలుపెట్టినవాడికి చివరికి చేరేలోపు ఊపిరి ఆగిపోతుంది. అలాంటివాటిని పట్టుకుని టకటకా ముక్కలు చేసి, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు పెట్టేది కత్తెర. పన్నెండేళ్ళుగా అదే పని. ఆమె చెయ్యి పడిన కాగితం అర్థం కాలేదన్నవాడు లేడు.

ఆ పనికో పద్ధతి ఉంది. పెద్ద వాక్యాన్ని కోసినప్పుడు కొన్ని ముక్కలు ఎటూ ఇమడకుండా మిగిలిపోతాయి. ఫలానావాళ్ళు తప్ప, ఫలానా అయితే మాత్రం, ఇలాంటివి. ఆఫీసులో వాటిని తోకలు అంటారు. ప్రతి తోకనూ ఓ పసుపు చీటీ మీద రాసి, బల్ల పక్కనున్న బోర్డుకు గుండుసూదితో గుచ్చాలి. కాగితం గుమ్మం దాటేలోపు ఒక్కో తోకకూ ఎక్కడో ఓ చోటు చూపించి బోర్డు ఖాళీ చెయ్యాలి. ఆ తర్వాత కంప్యూటరు దాన్ని చదివి నూటికి ఇన్ని మార్కులని తేలుస్తుంది. ఎనభై దాటితే అసలు పరీక్షకు పంపాలి. ఆ పరీక్ష లిఫ్టు తాత దగ్గర.

లిఫ్టు తాత అంటే ఆ భవనంలో లిఫ్టు నడిపే ముసలాయన. చదువు అంతంతమాత్రం, చెవులు మాత్రం పాము చెవులు. కాగితాన్ని ఆయనకు ఒక్కసారి చదివి వినిపించాలి. విన్నదాన్ని తన మాటల్లో తిరిగి అప్పజెప్పాడా, పాసు. మధ్యలో ఆపి ఏదైనా అడిగాడా, ఫెయిలు. అడగాల్సి వచ్చిందంటే అర్థం కాలేదనేగా లెక్క! అడిగిన ప్రతిసారీ రిజిస్టరులో ఓ ఎర్ర గుర్తు పడేది. ఈ నియమం మేనేజరు పెట్టింది కాదు, కత్తెర స్వయంగా పెట్టింది.

"నీకు ఎర్ర గుర్తు పడిందంటే ఆ రోజు నాకు ముద్ద దిగదు కత్తెరమ్మా," అనేవాడు తాత. అందుకని ప్రాణం పెట్టి వినేవాడు.

ఇంత పట్టుదల ఎందుకంటే, దాని వెనక కత్తెర పిన్ని ఉంది. తల్లి పోయేనాటికి కత్తెరకు అయిదేళ్ళు. తల్లి చెల్లెలైన ఈ పిన్నే, ఒక కుట్టు మిషనూ రెండు చేతులూ పెట్టుబడిగా, పిల్లను పెంచి పెద్దచేసి చదివించింది. తను చదివింది మాత్రం నాలుగో తరగతి. అక్షరాలు బాగానే వచ్చు. వాక్యం పొడుగైతేనే చిక్కు. "చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతానే, ఏం చెయ్యమంటావ్?" అనేది. ఏ కౌంటరు దగ్గరైనా కాగితం చేతికిస్తే చాలు, "అయ్యో, కళ్ళజోడు మర్చిపోయానండీ, కాస్త చదివి పెడతారా?" అని మొహం చిన్నబుచ్చుకుని అడిగేది. కళ్ళజోడు సంచీలోనే ఉండేది. చిన్నప్పుడు పిన్ని కొంగు పట్టుకుని నిలబడి ఆ అబద్ధం ఎన్నిసార్లు విందో కత్తెర! పిన్ని అబద్ధం ఆడక్కర్లేని కాగితం ఒక్కటి రాయాలన్నది ఆమె పంతం. బయటికి ఎవరితోనూ అనలేదు, నవ్విపోతారని.

రెండు నెలల కిందట ఒక పెద్దాస్పత్రి నుంచి కాగితం వచ్చింది. ఆపరేషన్‌కి వచ్చేవాళ్ళు ముందు ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అన్న సూచనలు. మహానుభావుడెవరో రాశాడు గానీ, అందులో ఒక వాక్యం ఇలా ఉంది: "శస్త్రచికిత్సకు మూడు దినములు పూర్వము నుండి, రోగి నిత్యము సేవించుచున్న ఔషధములలో, దీర్ఘకాలికముగా సేవింపబడుచున్న స్టెరాయిడు వర్గమునకు చెందినవి మినహా, తక్కినవన్నియు నిలుపుదల చేయవలెను."

"దీన్ని రాసినవాడు రెండోసారి చదివి ఉండడు," అని నవ్వుకుంది కత్తెర. నిమిషంలో కోసి పారేసింది. "ఆపరేషన్‌కి మూడు రోజుల ముందు మందులన్నీ ఆపండి." ఎంత ముచ్చటగా ఉందో! మిగిలిన తోకను పసుపు చీటీ మీద రాసి బోర్డుకు గుచ్చింది: స్టెరాయిడ్ బిళ్ళలు తప్ప.

చివర్లో, పద్ధతి ప్రకారం, ఆ తోకను తెచ్చి అతికించింది. కంప్యూటరు డెబ్బై ఆరు ఇచ్చింది. ఎనభై దాటకపోయినా, సరే చూద్దామని లిఫ్టు దగ్గరికెళ్ళి చదివి వినిపించింది. తాత తలుపు తీసి పట్టుకుని బుద్ధిగా విన్నాడు. ఆ ముక్క దగ్గర చెయ్యి పైకెత్తాడు.

"స్టెరాయిడు అంటే ఏ బిళ్ళలమ్మా?"

"ఏవో పెద్ద జబ్బులకి వాడేవిలే తాతా," అంది కత్తెర. తనకూ అంతకు మించి తెలియదు. నిట్టూర్చి రిజిస్టరులో ఎర్ర గుర్తు పెట్టింది. తాత మొహం వాడిపోయింది. ఏదో అనబోయి, ఎవరో నాలుగో అంతస్తు అంటే తలుపు వేసేశాడు.

మేనేజరు వచ్చి భుజం మీదుగా తొంగి చూశాడు. "నూటికి ఇద్దరికి పనికొచ్చే ముక్క కోసం తొంభై ఎనిమిది మందిని తికమక పెడతావా? ఆ ఇద్దరూ ఎలాగూ డాక్టర్ని అడుగుతారు. రేపటికల్లా ఇవ్వాలి, తెలుసుగా?" అన్నాడు.

ఆయన చెప్పాడని తీసెయ్యలేదు. ఆ మాట నిజానికి తన మనసులో ఉన్నదే. తోక ఊడదీసి మళ్ళీ చదివించింది. తొంభై నాలుగు! ఆ ఆఫీసు పుట్టాక ఎవరికీ రాని మార్కులు. తాత కూడా ఈసారి పొల్లు పోకుండా అప్పజెప్పాడు. ఆస్పత్రి పెద్ద డాక్టరు గారు నిలబడే చదివి సంతకం పెట్టేశాడు. మరి ఆయనకు అన్నీ తెలుసు కదా, లేని ముక్క కూడా ఉన్నట్టే కనిపించి ఉంటుంది. ఆ సాయంత్రం మేనేజరు అందరికీ టీలు తెప్పించాడు. పసుపు చీటీ బోర్డు మీదే ఉండిపోయింది. తర్వాత చూద్దాం అనుకుంది కత్తెర. ఆ తర్వాత దాని మీద ఇంకో పని చీటీలు పడ్డాయి.

నెలన్నర గడిచింది. పిన్నికి కడుపులో నొప్పి మొదలైంది. పరీక్షలు చేస్తే పిత్తాశయంలో రాళ్ళన్నారు, పెద్దాస్పత్రిలోనే ఆపరేషన్ అన్నారు. భయపడాల్సిందేమీ లేదు, రెండో రోజు ఇంటికి పంపించేస్తారట. ఒక మధ్యాహ్నం పిన్ని నుంచి ఫోన్.

"ఒసేయ్, చదివేశానే!"

"ఏంటి పిన్నీ చదివింది?"

"నీ కాగితం! ఆస్పత్రిది, నేనే రాశానన్నావే, అదే! కౌంటరు దగ్గర ఆ పిల్ల ఇవ్వగానే అక్కడే నిలబడి, కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివా. మొదటినుంచి చివరిదాకా. 'ఏమైనా చెప్పాలా అమ్మా?' అని అడిగింది. 'అక్కర్లేదమ్మా, అంతా అర్థమైంది, ఇది మా అమ్మాయి రాసింది' అన్నా. దాని మొహం చూడాలి!"

కత్తెర కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికెళ్ళి గోడవైపు తిరిగి నిలబడింది, కళ్ళల్లో నీళ్ళు ఎవరూ చూడకుండా. పన్నెండేళ్ళ చాకిరీ ఆ ఒక్క ఫోనుతో తీరిపోయింది.

"నేను వచ్చి మందులవీ సర్దిపెట్టనా?" అంది తేరుకుని.

"నువ్వెందుకూ? కాగితం ఉందిగా. ఆ రోజు పొద్దున టాక్సీ తీసుకురా, చాలు."

ఆపరేషన్ రోజు పొద్దున ఏడింటికి టాక్సీ తీసుకెళ్ళింది. పిన్ని ఉండేది కుట్టు దుకాణం మీద ఒంటి గదిలో. తలుపు తీసిన మనిషిని చూసి కత్తెర ఉలిక్కిపడింది. మొహం పాలిపోయి ఉంది. గోడ పట్టుకుని నిలబడింది.

"ఏంటి పిన్నీ ఇలా అయిపోయావ్?"

"ఏం లేదే. నిన్నటినుంచి వాంతులు. ఒంట్లో సత్తువ లేదు. భయమేమో. ముసలిదాన్ని, కత్తి పెడతామంటే భయం ఉండదా?"

"ఆస్పత్రికి ఫోన్ చెయ్యాల్సింది!"

"కింద దుకాణం అమ్మాయీ అదే అంది. కాగితం తీసి మళ్ళీ చదివా. అందులో ఉన్నట్టే చేశా కదా అన్నీ. ఇంకేం అడగాలి?"

కత్తెర పిన్నిని పట్టుకుని మెట్లు దింపింది. టాక్సీలో పిన్ని రెండుసార్లు కళ్ళు మూసుకుంది. రెండోసారి పిలిస్తే వెంటనే పలకలేదు.

ఆస్పత్రిలో మంచం మీద పడుకోబెట్టి సిస్టర్ చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. కనుబొమలు ముడిచి మళ్ళీ చూసింది. మూడోసారి చూడకుండానే పరుగున వెళ్ళి డాక్టర్ను తీసుకొచ్చింది. కుర్ర డాక్టరు. వస్తూనే సెలైన్ పెట్టమని కేకేసి, కత్తెర వైపు తిరిగాడు.

"ఏం మందులు వాడతారు ఈవిడ?"

కత్తెర తెల్లమొహం వేసింది. పిన్ని సంచీ తలకిందులుగా గుమ్మరించింది. బీపీ బిళ్ళలు, గ్యాసు బిళ్ళలు, ఒక చిన్న తెల్ల బిళ్ళల అట్ట.

"ఇవి దేనికి?"

"వేళ్ళ నొప్పులకండీ. మిషను తొక్కీ కత్తిరించీ వేళ్ళ కీళ్ళు వాచిపోతే, ఎప్పుడో ఒకాయన ఇచ్చాడు. పదకొండేళ్ళ నుంచి వేసుకుంటోంది."

డాక్టరు అట్ట వెనక్కి తిప్పి పేరు చదివాడు. మొహం మారిపోయింది. "ఇది స్టెరాయిడ్! ఎప్పుడు ఆపారు?"

"మూడు... రోజులు," అంది పిన్ని. మాట నూతిలోంచి వచ్చినట్టుంది.

"ఎవరు ఆపమన్నారండీ మిమ్మల్ని! దీన్ని ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుందని చెప్పలేదా ఎవరూ? ఏ బుద్ధిలేనివాళ్ళు చెప్పారు?"

పిన్నికి జవాబు చెప్పే ఓపిక లేదు. చెయ్యి మెల్లగా జరిపి దిండు పక్కన గుమ్మరించిన సామాన్లో తడిమి, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తీసి చాపింది. సిస్టర్ దాన్ని అందుకుని విప్పి పట్టుకుంది. ఒక్కో వాక్యం ఎదురుగా నీలం సుద్దతో టిక్కు ఉంది. బట్ట మీద కొలతలు గీసే ఆ సుద్దను కత్తెర పుట్టి బుద్ధెరిగాక రోజూ చూసింది. "మందులన్నీ ఆపండి" అన్నచోట మూడు టిక్కులున్నాయి, రోజుకొకటి.

డాక్టరు ఏదో ఇంజెక్షన్ పేరు అరుస్తున్నాడు. సిస్టర్లు అటూ ఇటూ పరుగెడుతున్నారు. ఎవరో "కాస్త జరగండమ్మా" అని తోస్తే గోడకు వెళ్ళి ఆనుకుంది. ఆమెకు ఏమీ వినబడటం లేదు. కళ్ళముందు పసుపు చీటీ ఒక్కటే ఉంది. తన చేతిరాత. గుండుసూది ఎక్కడ గుచ్చిందో కూడా గుర్తుంది. స్టెరాయిడ్ బిళ్ళలు తప్ప. మూడే మాటలు. ఆ మూడు మాటలకు చోటు లేకపోయిందా ఆ కాగితంలో! పెద్ద పేరు చూసి ఏవో పెద్ద జబ్బులకు అనుకుంది. రోజూ పిన్ని నీళ్ళతో మింగే చిన్న బిళ్ళ అనుకోలేదు. ఆ నూటికి ఇద్దరిలో ఒకరు తనను పెంచిన మనిషి అవుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు? అనుకోవాలి మరి. ఎవరో ఒకరి పిన్ని కాకుండా పోతుందా? అదీ ఆలోచించని చెయ్యి కత్తెర పట్టుకోకూడదు.

అరగంటకు పిన్ని బీపీ కొద్దిగా లేచింది. ఆపరేషన్ వాయిదా వేశారు. డాక్టరు నుదుటి చెమట తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "ఇలాగే మత్తిచ్చి ఉంటే మనిషి దక్కేది కాదు. మంచి టైముకి తెచ్చారు. అయినా ఎవర్నైనా ఓ మాట అడిగి ఉండాల్సింది కదండీ," అని వెళ్ళిపోయాడు.

సిస్టర్ అక్కడే నిలబడి కాగితాన్ని చూస్తోంది. వయసు మళ్ళిన మనిషి, చాలాకాలంగా అక్కడే పనిచేస్తున్నట్టుంది. "ఇది వచ్చాకే ఇలా అవుతోందేమో," అంది తనలో తను.

"అంటే?"

"పాత కాగితం ఉండేదమ్మా. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు ఎవరికీ. పట్టుకొచ్చి మా ప్రాణాలు తోడేసేవాళ్ళు. ఇదేంటి సిస్టర్, అదేంటి సిస్టర్, ఈ బిళ్ళ వేసుకోవచ్చా, ఆ బిళ్ళ మానాలా. రోజూ రెండు గంటలు దానికే సరిపోయేది. అలా అడిగినప్పుడే ఎవరు ఏం వాడుతున్నారో మాకు తెలిసేది. ఈ కొత్తది వచ్చాక ఒక్కళ్ళు అడిగితే ఒట్టు. అబ్బ, హాయిగా ఉందే అనుకున్నాం."

కత్తెర గోడ వదిలి ముందుకొచ్చింది.

"అది రాసింది నేనే సిస్టర్."

సిస్టర్ తలెత్తి ఆమెను చూసింది. మంచం మీదున్న మనిషిని చూసింది. తిడుతుందేమో అనుకుంది కత్తెర. తిడితే బాగుండునని కూడా అనుకుంది. సిస్టర్ తిట్టలేదు. మొహంలో రంగు తగ్గింది, అంతే. గబగబా బల్ల దగ్గరికెళ్ళి ఆపరేషన్ల రిజిస్టరు తెరిచింది.

"ఈ వారం పంతొమ్మిది మందున్నారు. రా, కూర్చో. నువ్వు సగం, నేను సగం. ఫోన్లు చేద్దాం. ఏ బిళ్ళలు వాడుతున్నారో అట్ట మీద పేరు చూసి చదవమను."

కత్తెర నంబర్లు రెండేసిసార్లు తప్పు నొక్కింది. మొదటి ఆరుగురికీ ఏ ఇబ్బందీ లేదు. ఏడో ఆయన పెద్దాయన, గొంతులో హుషారు.

"ఆపేశానమ్మా, నిన్నటినుంచే! కాగితంలో రాసినట్టు ఒక్కటి తప్పకుండా చేస్తున్నా. ఎవరు రాశారో గానీ చేతులెత్తి దణ్ణం పెట్టాలమ్మా, మా మనవరాలికి కూడా చదివి వినిపించా."

"తాతగారూ, అట్ట మీద పేరు చదవండి ఒకసారి."

ఆయన కూడబలుక్కుంటూ చదివాడు. కత్తెర కాగితం మీద రాసి సిస్టర్ వైపు తిప్పింది. సిస్టర్ ఒక్క ఉదుటున ఫోన్ లాక్కుని, "అయ్యా, ఇప్పుడే ఒకటి వేసుకోండి, వేసుకుని బయల్దేరి ఇక్కడికి రండి," అంది.

పంతొమ్మిది మందిలో అలాంటివాళ్ళు ముగ్గురు తేలారు. నూటికి ఇద్దరట! మేనేజరు ఆ లెక్క ఎక్కడ చూసి చెప్పాడో ఆ రోజు ఎవరూ అడగలేదు. ఆ ఆఫీసులో అడగడం ఎప్పుడో మానేశారు.

సిస్టర్ రిజిస్టరులో వెనక పేజీలు తిప్పుతూ ఓచోట ఆగింది. "పోయిన నెల ఒకాయన, మత్తులోంచి తేరుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. కారణం తేల్చలేకపోయాం. బతికాడులే," అంది, పేజీ మీంచి వేలు తియ్యకుండానే.

కత్తెర పై ప్రాణాలు పైనే పోయాయి. ఎవరాయన, ఇంట్లో ఎందరున్నారు, ఆ నాలుగు రోజులూ వాళ్ళు ఏ గోడకు ఆనుకుని నిలబడ్డారు? సరిగ్గా ఆ రోజుల్లోనే తను ఆఫీసులో తొంభై నాలుగు మార్కుల కాగితాన్ని కొత్తగా చేరినవాళ్ళకు చూపించి, ఇలా రాయాలి అని పాఠం చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు ఫోన్లు చేస్తోంది. కాలినవి తన చేతులైనా కాకపోయె!

మధ్యాహ్నం రెండింటికి పిన్ని కళ్ళు తెరిచింది. మొహంలోకి కాస్త రంగు వచ్చింది. పక్కన కూర్చున్న కత్తెర చెయ్యి తడిమి పట్టుకుంది.

"ఆపరేషన్ అయిపోయిందా?"

"లేదు పిన్నీ." ఇక ఆగలేకపోయింది కత్తెర. వెక్కి వెక్కి ఏడుస్తూ అంతా చెప్పింది. తోక సంగతి, మార్కుల సంగతి, టీల సంగతి. "నా వల్లే ఇదంతా. నిన్ను చంపేసేదాన్ని పిన్నీ."

పిన్ని అంతా వింది. దుకాణంలో కొత్తవాళ్ళు బట్ట పాడుచేసినప్పుడు చూసినట్టు చూసింది, కోపం లేకుండా, లెక్కగా.

"నీకు జాకెట్టు కత్తిరించడం నేర్పినప్పుడు ఏం చెప్పానే?"

"లోపల కుట్టులో రెండు వేళ్ళ బట్ట వదలమన్నావ్."

"దండగ కదా, పైకి కనబడదు కదా అన్నావ్ నువ్వు. మనిషి ఒళ్ళు అందరిదీ ఒకేలా ఉండదే. ఎప్పుడో ఒకరికి విప్పి వదులు చెయ్యాల్సొస్తుంది. అప్పుడు అక్కరకొచ్చేది ఆ దండగ బట్టే." కాసేపు ఆయాసపడి మళ్ళీ అంది, "అయినా నాదీ తప్పే. రెండో రోజే ఒళ్ళు తేడాగా ఉంటే, ఫోన్ చేసి అడగాలనిపించింది. అడిగితే, చదువు రాని ముండ, మళ్ళీ అర్థం కాలేదు కాబోలు అనుకుంటారని ఊరుకున్నా. అంత తేలిగ్గా రాశావు మరి. దాన్ని కూడా అడిగితే పరువేం మిగులుతుందీ?"

కత్తెర ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ఇన్నేళ్ళూ పిన్ని చేత అబద్ధం మాన్పించానని మురిసిపోయింది. నిజానికి ఆమె నోరే కట్టేసింది.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళింది. బోర్డు మీది చీటీలన్నీ ఒక్కోటీ ఎత్తి చూసింది. అట్టడుగున ఉంది పసుపుది, అంచులు పైకి లేచి. దాన్ని ఎదురుగా పెట్టుకుని కాగితం మళ్ళీ రాసింది. మేనేజరు వచ్చి కంప్యూటరు వేసిన అరవై తొమ్మిది మార్కులు చూశాడు. ఏదో అనబోయి ఆమె మొహం చూసి మానేశాడు. ఆస్పత్రి వాళ్ళు పొద్దున్నే ఫోన్ చేసి పాత కాగితాలన్నీ చింపేశామని చెప్పారు, ఆయనకూ తెలుసు.

కత్తెర రిజిస్టరు పట్టుకుని లిఫ్టు దగ్గరికెళ్ళింది. తాత తలుపు తీసి పట్టుకున్నాడు. పిన్ని సంగతి అప్పటికే భవనమంతా పాకింది. "ఎలా ఉందమ్మా ఆవిడకి?" అన్నాడు.

"గండం గడిచింది తాతా. ఇది విను." చదవడం మొదలుపెట్టింది. "ఆపరేషన్‌కి ముందు కొన్ని మందులు ఆపాలి. కొన్ని మందులు ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. కీళ్ళ నొప్పులకో, ఆయాసానికో, దురదలకో మీరు చాలాకాలంగా ఏదైనా బిళ్ళ వాడుతున్నారా? అది చాలా చిన్న బిళ్ళ అయినా సరే, మీ అంతట మీరు ఆపకండి. మీ బిళ్ళల అట్టలన్నీ తెచ్చి సిస్టర్‌కి చూపించండి. ఎన్నిసార్లయినా అడగండి."

తాత తిరిగి అప్పజెప్పలేదు. ఏదో ఆలోచిస్తున్నట్టు నేల చూపులు చూశాడు.

"ఇప్పుడు అడగొచ్చా అమ్మా? ఎర్ర గుర్తు పడదా?"

"పడదు తాతా. ఇకమీదట అడిగితేనే పాసు."

తాత ఖాకీ చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఒక బిళ్ళల అట్ట బయటికి తీశాడు. సగం ఖాళీ అయిపోయి, అంచులు నలిగి ఉంది. తెల్లటి చిన్న బిళ్ళలు. కత్తెర దాని వెనక ఉన్న పేరు చదివింది. నిన్న పెద్దాయన ఫోన్లో కూడబలుక్కుంటూ చదివిన పేరే.

"ఆయాసానికి వేసుకుంటానమ్మా, ఆరేళ్ళయింది. స్టెరాయిడంటే ఇదేనేమో అని ఆ రోజే చూపిద్దామనుకున్నా," అన్నాడు తాత. "అప్పటికే నువ్వు ఎర్ర గుర్తు పెట్టేశావు. మళ్ళీ అడిగితే నీకు ఇంకోటి పడుతుందని ఊరుకున్నానమ్మా."